గడప దగ్గర వినిపించిన మాట

గురువారం బడి నుంచి వచ్చిన కవరులో చిట్టి పరీక్ష పేపరు ఉండడం కిందటి భాగంలో మనం చూశాం. మూడు గంటల పరీక్షలో చిట్టి రాసింది ఒకే ఒక్క జవాబు. అందులోనూ మొదటి నాలుగు లైన్లే. రాసిన అక్షరం మీదే మళ్ళీ మళ్ళీ దిద్దడం వల్ల కాగితం రెండు చోట్ల చిల్లు పడింది. ఆ చిల్లుల్ని వేలితో తడుముతూ తల్లి ఏడ్చింది. తండ్రి మాత్రం ఆ కవరు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ సాయంత్రం గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్న పిల్ల తిండికీ స్నానానికీ తప్ప బయటికి రాలేదు. శనివారం చిట్టి తల్లి, మొగుడికి మాటమాత్రమైనా చెప్పకుండా, ఆయన పద్నాలుగేళ్ళుగా మాట్లాడని అక్కగారికి ఫోన్ చేసింది. "వదినా, మీరొకసారి రావాలి" అంది.

ఆదివారం పొద్దున పది గంటలకల్లా ఆ అక్కగారు వచ్చేసింది.

తలుపు తీసింది చిట్టి తండ్రే, ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే ప్రూఫ్‌రీడరు. ఆయనకి ఆదివారం సెలవు. సెలవు రోజున కూడా పేపరు ముందేసుకుని ఎర్ర పెన్నుతో అందులో తప్పులు దిద్దుతూ కూర్చోవడం ఆయన సరదా. ప్రెస్సులో ఆయన్ని వెనకాల "అచ్చుతప్పు గారు" అంటారు. ఒకసారి మందుల షాపు బోర్డు మీద వత్తు ఎగిరిపోయిందని, జ్వరంతో వణుకుతూ కూడా షాపువాడికి పావుగంట పాఠం చెప్పి, కొనాల్సిన మాత్రలు మర్చిపోయి ఇంటికొచ్చిన మనిషి.

గడప అవతల, చేతిలో గుడ్డసంచీతో, సగానికి పైగా జుట్టు నెరిసిన ఆడమనిషి నిలబడి ఉంది. ఆయన ముఖమూ చూసింది, చేతిలో పెన్నూ చూసింది.

"ఏరా, లోపలికి రమ్మంటావా, ఇక్కడే దిద్ది పంపించేస్తావా?" అంది.

ఆయన పక్కకి తప్పుకున్నాడు.

పుట్టింట్లో ఆవిడకి "చాదస్తం" అని పేరు. మొదట అది వెక్కిరింత. వాడగా వాడగా ముద్దుపేరులా అయింది. చివరికి అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. గ్యాస్ కట్టేసి నాలుగడుగులు వేసేది, మళ్ళీ వెనక్కి వెళ్ళి మీట తడిమి చూసేది. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ వెనక్కి. చిట్టికి ఏడాది నిండినప్పుడు పిల్లని చూడ్డానికి ఈ ఇంటికే వచ్చింది. తిరిగి వెళ్ళే ముందు వంటింట్లో మీట దగ్గర ముప్పావుగంట నిలబడిపోయింది. ఇంటినిండా చుట్టాలు. "మా అక్క చాదస్తానికి టిక్కెట్టు పెట్టాలి, హౌస్‌ఫుల్ అవుతుంది" అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

వంటింట్లోంచి చిట్టి తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బస్‌స్టేషన్లో టిక్కెట్ల కౌంటరు దగ్గర పని ఆమెది. ఎదురుగా క్యూ గోల పెడుతున్నా గొంతు పెంచని మనిషి. ఆడపడుచుని చూడగానే కళ్ళు తిప్పుకుంది, ఏడుపు కనపడకుండా.

"నువ్వు పిలిచావా?" అన్నాడు ఆయన.

"పిలిచాను."

"ఇంట్లో సంగతి వీధిలో పెట్టాలా?"

"మీ అక్కగారు వీధి ఎప్పుడయ్యారండీ?" అంది ఆమె. కుర్చీ జరిపి ఆవిడని కూర్చోబెట్టింది. కూర్చున్నాక, ఇంక దాచి లాభం లేదన్నట్టు, రెండో సంగతి కూడా చెప్పేసింది. "శుక్రవారం నేను డ్యూటీకి వెళ్ళలేదు. పెద్దాసుపత్రికి వెళ్ళాను. అక్కడ పిల్లల మనసు చూసే డాక్టరమ్మ ఉంది. రేపు పొద్దున తొమ్మిదింటికి చిట్టిని తీసుకురమ్మంది. పిల్ల రానంటోంది." మొగుడి వైపు తిరిగింది. "మీరు కూడా వద్దంటే ఇంక నా వల్ల కాదు."

ప్రూఫ్‌రీడరు పేపరు మడతపెట్టాడు. "మన పెద్దమ్మాయి చెయ్యలేదా ఇలాంటివి? ఎనిమిదేళ్ళప్పుడు నేల మీద నల్లగడి తొక్కేది కాదు. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కేది. లెక్క తప్పితే కిందికి దిగి మళ్ళీ మొదలు. ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం? రెండేళ్ళకి దానంతట అదే పోయింది. ఇప్పుడు హాస్టల్లో దాని మంచం చూస్తే పందికొక్కులు కాపురం పెట్టినట్టుంటుంది. ఇదీ అంతే. పోతుంది."

"నేనూ ఇదే అడిగాను డాక్టరమ్మని. మీ మాటే పట్టుకెళ్ళాను." ఆమె వేలితో బల్ల మీద గీతలు గీస్తూ చెప్పింది. "చాలామంది పిల్లలు ఏదో ఒకటి చేస్తారట. తలుపు రెండుసార్లు చూసుకోవడం, ఫలానా పెన్ను లేకపోతే పరీక్ష రాయననడం. అదంతా జబ్బు కాదంది. పెద్దది మెట్లు లెక్కపెడుతుంటే మధ్యలో ఎవరైనా పిలిస్తే ఏం చేసేదమ్మా అని అడిగింది. ఐస్ బండి వచ్చిందంటే లెక్కా గిక్కా వదిలేసి పరిగెత్తేదండీ అన్నాను. మరి చిన్నపిల్లని పిలిస్తే? అంది."

"ఏం చెప్పావు?" అంది ఆడపడుచు.

"పరీక్ష గంట కొట్టినా లేవలేదని చెప్పాను వదినా. టీచరు వచ్చి చేతిలోంచి పెన్ను లాక్కోవాల్సి వచ్చిందని చెప్పాను."

మూసి ఉన్న గదిలోంచి సన్నగా, ఎడతెరిపి లేకుండా, కాగితం మీద పెన్ను గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"చేసే పని ఒకలాగే ఉంటుందట ఇద్దరిదీ," అంది తల్లి. "రోజులో ఎంత సేపు తినేస్తోంది, దానివల్ల ఏమేం ఆగిపోయాయి, మానుదామనుకుంటే పిల్ల మానగలుగుతోందా, అవి చూడాలట. పెద్దది ఆడుకుంది. చిన్నది ఆడుకోవట్లేదు."

"మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావని తెలిస్తే బడిలో దాన్ని ఏమంటారో ఆలోచించావా?"

"ఏమంటారు?" అంది అక్కగారు. "చాదస్తం అంటారు."

ఆయన తల దించుకున్నాడు.

ఆవిడ లేచి గోడవారగా పేర్చి ఉన్న నోటుపుస్తకాల దగ్గరికి వెళ్ళింది. పైపుస్తకం తీసి తెరిచింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి పేజీ చివర ఎర్ర సిరాతో ఒక టిక్కు. మరో పుస్తకం తీసింది. అందులో ప్రతి పేరాకీ ఒక టిక్కు. అడుగునున్న కొత్త పుస్తకంలో లైను లైనుకీ టిక్కే. ఒక్కో లైను పక్కన రెండేసి. ఎర్రచీమల బారులా ఉంది పేజీ.

"ఇదెవరి చెయ్యిరా?"

"నాదే," అన్నాడు ఆయన. "సాయంత్రం నేను రాగానే తెస్తుంది. సరిగ్గా ఉందా నాన్నా అంటుంది. ఉందంటే సరిపోయేది మొదట్లో. తర్వాత నోటిమాట చాలలేదు. టిక్కు పెడితే పడుకునేది. పిల్ల ప్రశాంతంగా పడుకుంటుంది కదా అని..."

అక్కడితో ఆగాడు గానీ ఆగిన చోట ఇంకా ఉంది. ప్రెస్సులో అందరికీ చెప్పుకున్నాడు. మా చిన్నది నాకంటే నిక్కచ్చి, ఒక్క కామా పొల్లుపోనివ్వదు, రేపు నా కుర్చీ దానిదే అని. బడిలో అందమైన దస్తూరీకి బహుమతి వస్తే ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు. పిల్ల ఆటలు మానేసినప్పుడు చదువు మీద ధ్యాస అనుకున్నాడు. స్నేహితురాళ్ళు రావడం మానేసినప్పుడు, పోనీ, గోల తగ్గింది అనుకున్నాడు. వేలు వాచిపోయినప్పుడు మందు రాశాడు. రాసి మళ్ళీ పెన్ను చేతికిచ్చాడు.

"ప్రేమతోనే పెట్టావులే," అంది అక్కగారు పుస్తకం మూస్తూ. "అమ్మ కూడా అంతే. కట్టేశావే తల్లీ, నేను చూశాను, పద అనేది. పదిసార్లు చెప్పేది పాపం. ఆవిడ పదిసార్లు చెప్పాక నాకు పదకొండోది కావాల్సొచ్చేది."

ఆవిడ వెళ్ళి చిట్టి గది తలుపు పక్కన నేల మీద కూర్చుంది. మోకాళ్ళు పట్టేస్తే గోడకి చేరగిలబడి సర్దుకుంది. తలుపు తట్టలేదు.

"చిట్టీ, నేను మీ అత్తని. తలుపు తియ్యక్కర్లేదు. ఊరికే కూర్చున్నాను."

పెన్ను చప్పుడు ఆగింది. తర్వాత లోపల్నుంచి సన్నటి గొంతు.

"గ్యాస్ అత్తా?"

ప్రూఫ్‌రీడరుకి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో పిల్లలకి ఆయన చెప్పిన కథల్లో ఆవిడ పేరు అదే. అక్కగారు మాత్రం ఫక్కున నవ్వింది.

"అవునమ్మా. గ్యాస్ అత్తనే."

"మీరు స్టవ్ దగ్గరే ఉండిపోయేవారట కదా?"

"ఉండిపోయేదాన్ని. ఇప్పుడేం చేస్తున్నానో చెప్పనా? ఒక హాస్టల్లో నూట ఇరవైమందికి వంట చేస్తున్నాను. ఆరు పొయ్యిలు. పని అయ్యాక ఒక్కోదాన్ని ఒక్కసారే కట్టి, వెనక్కి తిరక్కుండా వచ్చేస్తాను."

"ఎలా?"

"కష్టంగా."

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. గొంతు తలుపుకి దగ్గరగా వచ్చింది. "కట్టారో లేదో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. అదే నేర్పించాడు డాక్టరు. తెలియకుండానే ఇంటికి నడవడం. మొదటి నెల దారి పొడుగునా ఏడ్చుకుంటూ నడిచాను. చూసినవాళ్ళు నా మొగుడు పోయాడనుకున్నారు. నాకసలు మొగుడే లేడు."

లోపల్నుంచి ఏదో చిన్న చప్పుడు. నవ్వో, ముక్కు ఎగబీల్చడమో. బయట తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆ మాత్రం చప్పుడు విని ఎన్నాళ్ళయిందో.

"ఇప్పుడు రావట్లేదా మీకు? ఆలోచన?"

"వస్తుంది. ఒక్కోరోజు కడుపులో పిల్లి తిరిగినట్టుంటుంది. తిరగనీ అంటాను. కాసేపు తిరిగి పడుకుంటుంది. నేను వైద్యానికి వెళ్ళేసరికి నాకు నలభై ఆరేళ్ళు చిట్టీ. నీ వయసులో ఎవరైనా తీసుకెళ్ళి ఉంటే ఎలా ఉండేదో. ఎవర్నీ అనలేను. అప్పట్లో దానికి పేరుందని కూడా ఎవరికీ తెలీదు."

ఆవిడ కాసేపు చేతులు చూసుకుంది. వేడి గిన్నెలు పట్టీ పట్టీ వేళ్ళ చివర్లు మొద్దుబారి ఉన్నాయి.

"నీకొకటి చెప్తాను. ఇది డాక్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాకప్పుడు ఇరవై ఒకటి. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. వేరే ఊళ్ళో. పొద్దున ఏడింటి బండి. వింతేంటంటే, ఆ రోజు లేచిన దగ్గర్నుంచీ నా బుర్ర నోరెత్తలేదు. గ్యాస్ కట్టాను, ఒకసారి చూశాను, వచ్చేశాను. అంతే! గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ నాలో నేను నవ్వుకుంటున్నాను కూడా. అప్పుడు వినిపించింది. 'గ్యాస్ కట్టేశావా?' అని. మెల్లిగా, చెవిలో చెప్పినట్టు."

"ఎవరు?"

"నేనూ అదే అన్నాను, ఎవరూ అని. ఎవరూ పలకలేదు. అమ్మ మంచం మీద నిద్రలో ఉంది. మీ నాన్న ముసుగుతన్ని పడుకున్నాడు. అంటే నా బుర్రే కదా. అప్పటిదాకా అన్నీ ఆలోచనలే. గొంతు ఎప్పుడూ వినపడలేదు. గొంతులు కూడా మొదలయ్యాయంటే ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. వెనక్కి వెళ్ళాను. ఆ వెళ్ళడం వెళ్ళడం... బండి కూత వంటింట్లోంచే విన్నాను. మళ్ళీ ఏ ఇంటర్వ్యూకీ వెళ్ళలేదు. అంత మంచిరోజున కూడా నన్ను వదల్లేదంటే ఇంకెప్పుడు వదులుతుంది అనిపించింది. అందుకే నీకు చెప్పేదేంటంటే..."

"అక్కా."

ప్రూఫ్‌రీడరు లేచి నిలబడి ఉన్నాడు. కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఉండరా, పిల్లతో మాట్లాడుతున్నాను."

"అక్కా, అది నేను."

"ఏది నువ్వు?"

"ఆ గొంతు."

ఆవిడ తల తిప్పి చూసింది. అర్థం కాలేదు. తమ్ముడి ముఖం చూశాక అర్థమవడం మొదలైంది. ఎవరో ఒక్కొక్క కిటికీ మూసుకుంటూ వెళ్ళినట్టు ఆవిడ ముఖంలో వెలుతురు తగ్గుతూ పోయింది.

"నేను పడుకోలేదు," అన్నాడు ఆయన. "కర్టెన్ వెనకాల ఉన్నాను. నేనే అన్నాను. నువ్వు ఎవరూ అంటే పలకలేదు. గబగబా వెళ్ళి ముసుగేసుకున్నాను."

"ఎందుకురా?"

"ఊరికే. నవ్వుకుందామని. ఇంట్లో అందరం అంటూండేవాళ్ళం కదా..."

"నవ్వుకున్నావా?"

ఆయన కుర్చీని బల్ల కిందికి జరపబోయాడు.

"నవ్వుకున్నావా అంటున్నాను."

"లేదు."

"అయితే నిజం చెప్పు."

పదహారేళ్ళ పిల్లాడు చేసిన పని నలభై ఎనిమిదేళ్ళ మనిషి నోట్లోంచి రావాలి.

"నాన్న పోయి ఏడాది. అమ్మ మంచం మీద. నువ్వు వెళ్ళిపోతే అమ్మని నేను చూసుకోవాలి. నా చదువు ఆగిపోతుంది. అలా అని ఎవరూ అనలేదు. నాకే తెలుసు. నువ్వు వెళ్ళకూడదనుకున్నాను. నిన్ను ఆపడానికి ఒక్క మాట చాలని కూడా తెలుసు."

చిట్టి తల్లి గోడకి ఆనుకుని నిలబడి మొగుణ్ణి చూస్తోంది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఈ మనిషి ఇంత చిన్నగా ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఇన్నేళ్ళలో చెప్పాలనిపించలేదా?"

"చాలాసార్లు అనిపించింది అక్కా."

"ఎప్పుడు?"

అనిపించిన మాట నిజమే. అమ్మ పోయినప్పుడు అనిపించింది. ప్రెస్సులో ఉద్యోగం వచ్చినప్పుడు అనిపించింది. అనిపించిన ప్రతిసారీ, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని కూడా అనిపించింది. ఆ రెండోదే గెలిచింది, ప్రతిసారీ.

"నాకు టిక్కెట్టు పెడతానన్న రోజున కూడా తెలుసు నీకు."

"తెలుసు."

ఆవిడ గోడ పట్టుకుని మెల్లిగా లేచింది. తమ్ముడు చెయ్యి అందించబోతే పట్టుకోలేదు. కోపంతో విదిలించలేదు కూడా, చూడనట్టు ఊరుకుంది.

"ముప్పై రెండేళ్ళు నా బుర్రని తిట్టుకున్నానురా," అంది. "నీచమైందని, నమ్మకద్రోహి అని. పాపం, ఆ ఒక్కరోజు దాని తప్పేమీ లేదు."

వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు వంచుకున్న చప్పుడు వినిపించింది గానీ తాగిన చప్పుడు వినిపించలేదు. ప్రూఫ్‌రీడరు అక్కడే నిలబడిపోయాడు. అచ్చయ్యాక కనబడిన తప్పుకి తర్వాతి సంచికలో సవరణ వేస్తారు. ఎక్కడో మూల, చిన్నక్షరాల్లో. తప్పు చదివినవాళ్ళు వేలమంది, సవరణ చదివేవాడు ఒక్కడూ ఉండడు. ముప్పై రెండేళ్ళు మోసిన మాట దించేస్తే తేలిగ్గా ఉంటుందనుకున్నాడు. తేలికవలేదు. ఇప్పుడు దాన్ని అక్క మోయాలి.

గొళ్ళెం తీసిన చప్పుడైంది.

చిట్టి గుమ్మంలో నిలబడింది. పదిహేనేళ్ళ పిల్ల. మూడు రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. కుడిచేతి మధ్యవేలు పెన్ను ఒత్తుకుని ఒత్తుకుని నల్లగా కాయ కాసింది. అంతా వింది, తలుపుకి అవతల నుంచి. తండ్రి వైపు చూడలేదు. తండ్రి ఉన్న వైపుకే చూడకుండా, గోడ మీద చూపు నిలిపి మాట్లాడింది.

"అత్తా, మీరు లోపలికి రండి. మీరొక్కరే."

వంటింట్లోంచి అక్కగారు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం కడుక్కుంది. లోపలికి వెళ్ళింది. తలుపు మళ్ళీ మూసుకుంది.

అరగంట గడిచింది. మొగుడూ పెళ్ళాలు బల్లకి చెరోవైపు కూర్చున్నారు. కాఫీ చల్లారి పైన మీగడ కట్టింది.

"దాని జబ్బు నా వల్లే వచ్చిందా?" అన్నాడు ఆయన చివరికి.

"డాక్టరమ్మ అలా అనలేదు. ఎవరి వల్లా అని వెతకొద్దంది. మీ వంశంలో ఎవరికైనా ఉందా అని అడిగింది, ఉందని చెప్పాను. అంతే." చల్లారిన కాఫీ పక్కకి జరిపింది. "టిక్కులు మాత్రం ఆపాలంది. ఒక్కసారిగా కాదట. పిల్లతో మాట్లాడి, మెల్లమెల్లగా. నాకు మీతో చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ పుస్తకాలు చూసుకుని మీరు మురిసిపోతుంటే..."

ఆమె కూడా తన తప్పు వెతుక్కుంటోందని ఆయనకి అప్పుడు తెలిసింది. బల్ల మీదుగా చెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి గట్టిగా లేదు, అయినా వదల్లేదు.

తలుపు తెరుచుకుంది. అక్కగారు ఒక్కతే వచ్చింది. వచ్చి తమ్ముడికి ఎదురుగా కూర్చుంది. ఇందాకటి విషయం ఆవిడ ముఖంలో ఇంకా ఉంది. కానీ దాని పైన ఇప్పుడు ఇంకోటి ఉంది.

"చెప్పింది. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పింది," అంది. "మీకు చెప్పొచ్చా అని అడిగాను. చెప్పమంది. తను ఒక అక్షరం సరిగ్గా రాయకపోతే నువ్వు చచ్చిపోతావట."

"నేనా?"

"నువ్వే. రోడ్డు మీదో, ప్రెస్సులోనో. అందుకే దిద్దుతుంది. నువ్వు టిక్కు పెడితే ఆ రోజుకి నువ్వు బతికినట్టు. నీకు దస్తూరీ కనపడింది. పిల్లేమో నీ ప్రాణం కాపాడుతోంది."

ప్రూఫ్‌రీడరు కళ్ళ ముందు పేజీ పేజీ తిరిగింది. ప్రతి సాయంత్రం పుస్తకం పట్టుకుని నిలబడిన పిల్ల. టిక్కు పెట్టగానే భుజాలు వాలి, ఊపిరి వదిలిన పిల్ల. మెప్పు కోసం నిలబడిందనుకున్నాడు. ఒక్కసారైనా, ఎందుకమ్మా అని అడగలేదు. పుస్తకమే చూశాడు. ముఖం చూడలేదు.

"అది నిజం కాదని పిల్లకి తెలుసురా," అంది అక్కగారు. "తెలిసినా ఆగదు. అదే దీని నరకం. నేను చెప్పింది కొంత దాని చెవికెక్కింది. రేపు డాక్టరు దగ్గరికి వస్తానంది."

"వస్తానందా?" తల్లి లేచి నిలబడింది.

"ఉండమ్మా. ఒక షరతు పెట్టింది." ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "పరీక్ష పోయిన దగ్గర్నుంచీ ఇది ముదిరింది. ఇప్పుడు అక్షరాలతో కూడా పని లేదట. తను నీ దగ్గరుంటే చాలు, నీకేదో అయిపోతుందని భయం. నువ్వు కళ్ళ ముందు పడిపోయినట్టు కనిపిస్తుందట. అందుకే గదిలోంచి రావట్లేదు. నీ మీద అలిగి కాదు. నువ్వు ఇల్లు వదిలి వెళ్ళాలట, ఇవాళే. తనకి తగ్గేదాకా రాకూడదట. అలా అయితేనే రేపు వస్తుందట."

ఆయన లేచాడు. "అంతేనా? వెళ్తాను. ఇప్పుడే వెళ్తాను. ప్రెస్సులో పడుకుంటాను."

"కూర్చో."

కూర్చున్నాడు.

"నువ్వు వెళ్తే ఈ పూట దానికి హాయిగా ఉంటుంది. టిక్కు పెట్టినప్పుడు ఉన్నట్టే. ఇది అన్నిటికంటే పెద్ద టిక్కు, అర్థమవుతోందా? నాన్న దూరంగా ఉన్నాడు కాబట్టే బతికాడు అనుకుంటుంది. ఇంక నిన్ను ఎప్పటికీ రానివ్వదు. అమ్మ నాకు పదిసార్లు చెప్పినట్టే."

"అయితే వెళ్ళను."

"వెళ్ళకపోతే రేపు డాక్టరు దగ్గరికి రాదు. మళ్ళీ ఆ తలుపు ఎప్పుడు తీస్తుందో నేను చెప్పలేను."

"ఏం చెయ్యమంటావు అక్కా?"

"ఇంకో రోజైతే చెప్పేదాన్నేమో," అంది నీరసంగా. "ఇవాళ నన్నడక్కు. ఇవాళ నీ మీద నా మనసు బాలేదు. నేనేం చెప్పినా అందులో అది కలుస్తుంది."

అప్పుడు చిట్టి బయటికి వచ్చింది.

చేతిలో బ్యాగు. ఆయన ఊళ్ళకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే బ్యాగే. జిప్పు సగం వరకే పట్టింది. లోపల మడత నలగకుండా సర్దిన చొక్కాలు, తువ్వాలు, కళ్ళజోడు డబ్బా, బీపీ మాత్రల సీసా కనిపిస్తున్నాయి. మాత్రలు కూడా మర్చిపోలేదు. గదికి నాలుగడుగుల దూరంలో, తండ్రికి అందేంత దగ్గరగా కాకుండా, బ్యాగుని నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. మొదటిసారిగా తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"అన్నీ పెట్టాను నాన్నా. మాత్రలు పొద్దునొకటి, రాత్రొకటి, మర్చిపోకు. వెళ్తావు కదూ?"

ఆయన కూతురి వైపు రెండడుగులు వేశాడు. ఆ పిల్ల గోడకి అంటుకుపోయి కళ్ళు మూసుకుంది.

"చిట్టీ," అన్నాడు ఆయన. "నేను..."

(సశేషం)